అట్ట మీద మా అత్త పేరు

నేను పుట్టింది పెరంబూరు రైల్వే క్వార్టర్సులో. మా నాన్న రైలు పెట్టెల ఫ్యాక్టరీలో వెల్డరు. మా వీధిలో ఎవరినడిగినా ఈ రెండు ముక్కలూ చెప్తారు. అలాంటిది ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో నా మీదున్న వ్యాసం మాత్రం నేను నెల్లూరులో పుట్టానని మూడేళ్లుగా చెబుతూ వచ్చింది. అది ఎవరు రాశారో తెలియదు. చూసినప్పుడల్లా ఒళ్లు మండేది. నెల్లూరు మీద నాకేం పగ లేదు, మంచి ఊరే. కానీ నేను పుట్టిన చోటు మార్చేయడానికి వీళ్లెవరు?

ముక్కు మీద కోపం నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. ఒక ఆదివారం పొద్దున కాఫీ తాగి కంప్యూటరు ముందు కూర్చుని, ఆ సైటులో నా పేరుతోనే ఖాతా తెరిచి, నా వ్యాసాన్ని నేనే దిద్దేశాను. నెల్లూరు తీసేసి పెరంబూరు పెట్టాను. "ఇటీవల రచనలు తగ్గించారు" అని ఒక వాక్యం కనిపిస్తే దాన్ని కూడా ఎత్తేశాను. తగ్గించానో పెంచానో నాకు తెలియదా? అక్కడితో చెయ్యి ఊరుకోక, ఎప్పుడో ఒక సంఘం వాళ్లు శాలువా కప్పిన సంగతి కూడా చేర్చాను. అంతా భద్రపరిచి, లేచి వెళ్లి పప్పు పొయ్యి మీద పెట్టాను. పప్పు ఉడికి దింపేలోగా పాత వ్యాసమే మళ్లీ వచ్చి కూర్చుంది.

నా ఖాతాకు ఒక సందేశం కూడా వచ్చింది. రాసింది ఆ సైటులో జీతం నాతం లేకుండా పనిచేసే ఒక వాడుకరి. ఆడో మగో నాకు ఇప్పటికీ తెలియదు. "నమస్కారమండీ. మీ ఖాతా పేరును బట్టి ఈ వ్యాసం మీ గురించేనని అనుకుంటున్నాను. తమ గురించిన వ్యాసాన్ని తామే దిద్దుకుంటే అది ప్రయోజన వైరుధ్యం అవుతుంది. తప్పులుంటే చర్చాపేజీలో రాయండి, ఎక్కడైనా అచ్చయిన ఆధారం చూపండి. సంబంధం లేనివాళ్లు సరిచూసి మారుస్తారు."

సంబంధం లేనివాళ్లట! నా పుట్టుక సంగతి నాకంటే సంబంధం లేనివాళ్లకు బాగా తెలుస్తుందన్నమాట. ఆ మధ్యాహ్నం పప్పులో ఉప్పు వెయ్యడం మరిచిపోయాను.

మావారు అదే ఫ్యాక్టరీలో పెయింటు షాపులో పనిచేసి రిటైరైన మనిషి. ఉప్పు లేని పప్పుతో పాటు నా గోల కూడా భరించి, చివరికి విసుక్కున్నారు.

"ఊరికే ఎందుకు అరస్తా ఉండావు? ఉండు, నేను చేస్తా."

తన ఫోనులోంచి తన పేరుతో ఇంకో ఖాతా తెరిచారు. పెరంబూరు పెట్టారు. ఆపితే బాగుండేది. నా పేరు ముందు "ప్రఖ్యాత" అని తగిలించారు. అదొక్కటీ బోసిగా ఉందనుకున్నారో ఏమో, "అందరి మన్ననలు పొందిన" అని ఇంకొకటి. రైలు పెట్టెకు రెండేసి కోటింగులు వేసిన చెయ్యి కదా. అరగంటలో రెండు కోటింగులూ ఊడిపోయాయి. ఈసారి ఇద్దరికీ కలిపి సందేశం వచ్చింది. "ఈ రెండు ఖాతాలూ ఒకే ఇంటివా? బంధువులు, స్నేహితుల చేత దిద్దించడం కూడా అదే కిందికి వస్తుందండీ."

"పట్టేసినారే!" అన్నారు మావారు, అదేదో మెచ్చుకోవాల్సిన సంగతైనట్లు.

నాకు తల కొట్టేసినట్లయింది. ఆ సాయంత్రం చర్చాపేజీలో కూర్చుని ఇంత పొడుగు ఉత్తరం దంచాను. నేనెక్కడ పుట్టానో చెప్పే అర్హత నాకే లేదా అని అడిగాను. మా అమ్మ బతికుంటే ఆమెకైనా ఉండేదా అని అడిగాను. కోపంలో ఇంకా ఏవేవో రాశాను, వాటిని ఇప్పుడు చదవాలంటే సిగ్గేస్తుంది. అవన్నీ అక్కడే భద్రంగా ఉంటాయట, చెరపడానికి వీల్లేదట.

మర్నాడు జవాబు వచ్చింది. కోపం గీపం ఏమీ లేదు. "మీ మొదటి పుస్తకం వెనక అట్ట మీద మీరు పెరంబూరులో పుట్టారని ఉంది. లైబ్రరీలో చూసి వచ్చాను. పుట్టిన ఊరు సరిచేశాను, పొరపాటుకు మన్నించండి. ఒక మనవి. మీరు చెప్పినవన్నీ మీకు నచ్చని విషయాలు. నచ్చినవాటిలో కూడా తప్పులేమైనా ఉన్నాయేమో ఒకసారి చూసి చెప్పగలరా? మీకంటే బాగా తెలిసినవాళ్లు ఉండరు కదా."

గెలిచానన్న ఊపులో వ్యాసం పై నుంచి కిందికి చదివాను. మూడో పేరా దగ్గర ఆగిపోయాను. "ఆమెకు పేరు తెచ్చిన మొదటి పుస్తకంలోని ఇరవై ఒక్క కథలూ ఆమె సొంత కల్పనలు." పక్కన చిన్న అంకె. దాని కింద ఆధారం, ఒక వారపత్రికకు నేనిచ్చిన ఇంటర్వ్యూ.

ఆ వాక్యం పచ్చి అబద్ధం. మూడేళ్ల పాటు నెల్లూరును చూసి పళ్లు కొరికిన నా కళ్లకు అది ఒక్కనాడూ కనపడలేదు.

ఆ కథలు మా మేనత్తవి. మా నాన్న చెల్లెలు. రాయపురంలో చేపల రేవు దగ్గర ఇల్లు. పిల్లలు లేరు, మొగుడు పెళ్లయిన ఆరేళ్లకే పోయాడు. అప్పట్నుంచి రొయ్యలు ఒలిచే షెడ్డులో పని. మంచునీళ్లలో వేళ్లు నానిపోయి, రొయ్య ముళ్లు గుచ్చుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. అక్కడ తనతో పాటు పీటలేసుకుని కూర్చునే ఇరవై మంది ఆడవాళ్లకు పొద్దుపోవడానికి అత్త కథలు అల్లి చెప్పేది. ఆడవాళ్లు తన గురించి ఏమనుకుంటున్నారో విందామని మంచు పెట్టెలో దాక్కుని, బయటికి రాలేక గడ్డకట్టుకుపోయిన మేస్త్రీ కథ చెబితే, నిజం మేస్త్రీ కూడా నిలబడి విని నవ్వాడట.

అత్త ఆ కథలను రాసి పెట్టుకునేది కూడా. అయిదో క్లాసు దాకా కార్పొరేషన్ బడిలో అరవంలో చదువుకుంది. ఇంట్లో మాట తెలుగు, చేతికి వచ్చిన అక్షరాలు అరవం. అందుకని తెలుగు కథలను అరవ అక్షరాలతో రాసేది. చెన్నైలో పాతకాలం నుంచీ ఉన్న మా తెలుగు ఇళ్లలో ఇది వింత కాదు. మా అమ్మ సరుకుల చీటీ అలాగే రాసేది, మా పెదనాన్న భజన పాటల పుస్తకమూ అంతే. నేను రైల్వే స్కూల్లో తెలుగు మీడియం కాబట్టి మా మొత్తం కుటుంబంలో తెలుగు అక్షరాలు నాకే వచ్చు. కాలేజీ రోజుల్లో రెండు వేసవి సెలవులు రాయపురంలో అత్త ఇంట్లో గడిపాను. అత్త తన నోటుపుస్తకాలు పైకి చదివేది, నేను తెలుగు అక్షరాల్లో దించేదాన్ని. నా వంతుగా పెట్టినవి మహా అయితే కామాలు.

తర్వాత ఉద్యోగం, పెళ్లి. ముప్పై దాటాక ఆ కాగితాలు తీసి విజయవాడలో ఒక ప్రచురణకర్తకు పంపాను. ఆయనకు పిచ్చిగా నచ్చాయి. రచయిత్రి పేరేం వెయ్యాలి అని అడిగారు. నా పేరు చెప్పాను. చేతిరాత నాదే కదా అనుకున్నాను, అత్తకు ఇవన్నీ ఏం పడతాయిలే అనుకున్నాను. అవన్నీ నాకు నేను చెప్పుకున్న సాకులు. అసలు సంగతి, నాకు ఆ పేరు కావాలనిపించింది. లోపలి పేజీలో "మా మేనత్తకు" అని రెండు మాటలు వేసి చేతులు దులుపుకున్నాను. అందులోనూ ఆమె పేరు లేదు. ఇంటర్వ్యూకి వచ్చినావిడ "ఇవన్నీ మీ ఊహలేనా?" అని అడిగితే "అవునండీ" అన్నాను. ఆ ఒక్క మాటే అచ్చయి, పాతికేళ్ల తర్వాత నా వ్యాసానికి ఆధారమై కూర్చుంది.

మావారికి మొదటిసారి ఇదంతా చెప్పాను.

"ఇప్పుడెందుకే తవ్వేది? ఎవురడిగినారు నిన్ను?"

"ఆ సైటు మనిషి అడిగారు."

"ఉండేది ఆ ఒక్క పుస్తకం పేరే కదా నీకు. అదీ పోతే?"

"పోనీ."

అంత ధైర్యంగా అన్నానే గానీ లోపల గుబులుగానే ఉంది. తర్వాత నేను రాసిన పుస్తకాలు మూడు. వాటిని చదివినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ ఒకసారి చూశాక చూడనట్లు ఉండడం నావల్ల కాలేదు. చర్చాపేజీలో రాశాను. మూడో పేరాలో ఆ వాక్యం తప్పు, కథలు మా అత్తవి, తీసెయ్యండి అని.

జవాబు చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "చెప్పినందుకు ధన్యవాదాలండీ. కానీ అచ్చయిన ఆధారంలో మీరే అవునన్నారు. ఇప్పుడు కాదనడం కూడా మీ మాటే అవుతుంది. నోటుపుస్తకాలు అచ్చుకానివి కాబట్టి పనికిరావు. ఈ సంగతి ఎక్కడైనా అచ్చులో వస్తే తప్పకుండా మారుస్తాం." నన్ను నేను పొగుడుకోవడానికే కాదు, తిట్టుకోవడానికి కూడా నాకు అధికారం లేదు.

సరే, అచ్చులో రావాలంటే అచ్చే వేయిస్తాను అనుకున్నాను. ప్రచురణకర్తకు ఫోను చేశాను.

"ఇప్పుడెందుకు మేడమ్ ఇదంతా? పుస్తకం మీ పేరు మీదే నడుస్తోంది. పాఠకులు ఏమనుకుంటారు?"

"ఏమనుకోవాలో అదే అనుకుంటారు. కొత్త ముద్రణ అట్ట మీద మా అత్త పేరు పెద్దగా ఉండాలి. కింద తెలుగు లిపిలో రాసింది అని నా పేరు. ముందుమాటలో జరిగింది జరిగినట్లు నేను రాస్తాను. మీరు వెయ్యనంటే చెప్పండి, ఇంకొకరిని చూసుకుంటాను."

పది రోజులు ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. చివరికి దిగొచ్చారు. అయితే మా అత్త ఒప్పుకుంటున్నట్లు సంతకం చేసిన కాగితం కావాలన్నారు.

నేను తప్పించుకు తిరుగుతున్నది సరిగ్గా దాన్నుంచే. ఫోను చేసి ఎవరి మీదైనా అరవగలను. అత్త ఎదుట నిలబడడానికి మాత్రం కాళ్లు రాలేదు. ఏదైతే అదయిందని రాయపురం బస్సెక్కాను.

అత్తకు ఇప్పుడు ఎనభై. షెడ్డు పని మానేసి చాలా ఏళ్లయింది. కింది వాటాలో ఒక్కతే ఉంటుంది, పై వాటాలో గుంటూరు నుంచి వచ్చిన ఒక నర్సు అద్దెకుంటుంది. నేను వెళ్లేసరికి వాకిట్లో కూర్చుని చేప పొలుసు గీకుతోంది.

"ఏం పాపా, ఈ పక్క దోవ తెలిసిందా నీకు? రా, కూచో. నువ్వొస్తావని తెలిసినట్ట వంజరం తెచ్చినా సూడు."

పుస్తకం గురించి మాట్లాడాలి అత్తా అన్నాను. అంతే, చేతులు కడుక్కుని లోపలికి పోయి, పెట్టెలో చీరల కింది నుంచి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో నా మొదటి పుస్తకం. పాతికేళ్ల కిందట నేనిచ్చిన ప్రతి. అంచు కూడా నలగలేదు.

"ఎంత పదిలంగా పెట్టుకోనుండానో సూడు. షెడ్డులో అందురికీ సూపించినా. పక్కింటామె అయితే చేత్తో తడిమి తడిమి చూసింది." అట్ట మీద వేలు పెట్టింది. "పెద్దగా ఉండేది నా పేరు. కింద సిన్నగా ఉండేది నీ పేరు. అంతే కదా?"

పెద్దగా ఉన్నది పుస్తకం పేరు.

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అంటే అదీ అబద్ధమే, నేనెప్పుడూ మరిచిపోలేదు. పుస్తకం చేతికిచ్చిన రోజు అత్త "నా పేరు యాడ ఏసినావు పాపా?" అని అడిగింది. నేను బస్సుకు టైమవుతోందని లేస్తూ, ఆ పెద్ద అక్షరాలు చూపించి "ఇదో, ఈడ" అన్నాను. ఆ షెడ్డులో ఎవరికీ తెలుగు అక్షరాలు రావు. ఆ వీధిలోనూ రావు. కాదనేవాళ్లు ఎవరున్నారు?

అయినా చెప్పాను.

"అత్తా, అది నీ పేరు కాదు. పుస్తకం పేరు. నీ పేరు దీంట్లో యాడా లేదు. కథలన్నీ నావని వేసుకున్నా."

అత్త నా వైపు చూసింది. పుస్తకం వైపు చూసింది. దాన్ని మళ్లీ కవర్లో పెట్టి, కవరు మడిచి, పక్కన పెట్టింది. కడిగిన గ్లాసే తీసుకుని మళ్లీ కడిగింది.

"అయితే ఇన్నేండ్లూ నేను అందురికీ అబద్దం చెప్పినానా?"

"నువ్వు కాదత్తా, నేను చెప్పినా."

"నీ అబద్దం నా నోటితో చెప్పిస్తివే పాపా. పక్కింటామె సచ్చేదాకా నమ్మింది. పో. ఇంటికి పో నువ్వు."

నేను పోలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను, కానీ లేవలేదు. తిట్టినా కొట్టినా ఇక్కడే పడుంటానని మొండికేశాను. అత్త చేప ముక్కలు కోసింది, కారం పట్టించింది, పులుసు పెట్టింది. మధ్యాహ్నం దాటాక పళ్లెంలో అన్నం, పులుసు వేసి నా ముందు ఠపీమని పెట్టింది.

"తిను. తినేసి ఏం చెప్పేదుందో చెప్పు."

కొత్త పుస్తకం సంగతి చెప్పాను. అట్ట మీద పేరు సంగతి, ముందుమాట సంగతి, సంతకం సంగతి.

"మళ్లా నీ మాట నమ్మాలా నేను?" అంది. కాగితం తీసుకుని అరవ అక్షరాల్లో పొడుగ్గా సంతకం పెట్టింది. "అచ్చేసి తీసుకోని రా. అప్పుడు సూద్దాం. ఇంకో మాట. నా పేరు నా పుస్తకం మింద ఉంటే సాలు. రేపు నువ్వు దీన్ని ఏడుపు కథ చేసి రాస్తావు, నాకు తెలుసు. దాంట్లో మాత్రం నా పేరు ఎయ్యబాక."

అందుకే ఇక్కడ ఆ పేరు రాయడం లేదు.

నాలుగు నెలలకు పుస్తకం వచ్చింది. ముందుమాటలో ఏదీ దాచలేదు, నా "అవునండీ"తో సహా. ఒక దినపత్రిక ఆదివారం పేజీలో దాని గురించి చిన్న వ్యాసం వేశారు. తెలిసినవాళ్లు కొందరు ఫోను చేసి తిట్టారు, కొందరు ఫోను చెయ్యడమే మానేశారు. ఈసారి వ్యాసం మీద చెయ్యి వెయ్యలేదు. చర్చాపేజీకి వెళ్లి, పుస్తకం వివరం, పత్రిక వివరం రాసి, నాకు ఇందులో సంబంధం ఉంది కాబట్టి మీరే చూసి మార్చగలరు అని రాశాను. ఆ సాయంత్రానికే మూడో పేరా మారింది. "ఈ పుస్తకంలోని ఇరవై ఒక్క కథలూ ఆమె మేనత్త అల్లినవి. ఈమె వాటిని తెలుగు లిపిలోకి తెచ్చారు." పక్కన రెండు కొత్త ఆధారాలు.

"నీ వ్యాసం బక్కచిక్కిపోయిందే," అన్నారు మావారు ఫోనులో చూసి.

"ప్రఖ్యాత అని పెట్టబోకండి మళ్లీ," అన్నాను. "ఇటీవల రచనలు తగ్గించారు" అన్న వాక్యం అలాగే ఉంది. ఉండనిచ్చాను. అది నిజమే.

మర్నాడు పొద్దున్నే పుస్తకం తీసుకుని రాయపురం వెళ్లాను. అత్త వాకిట్లోనే ఉంది. అట్ట మీద ఆమె పేరు చూపిద్దామని వేలు పెట్టబోయాను. నా చెయ్యి పక్కకు నెట్టేసింది.

"నువ్వు సూపించబాక. నువ్వు నా మనిషివి, నీకు ఏం కావాలో అదే చదువుతావు. సంబంధం లేనోళ్లు చదవాల."

మెట్ల కింద నిలబడి పైకి చూసి పిలిచింది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన నర్సు తువ్వాలు భుజాన వేసుకుని దిగింది.

"ఏంటి మామ్మగారూ, ఒంట్లో బాలేదా?"

"బాగుండా. ఇదో, ఈ అట్ట మింద ఏముందో చదువు. ఉండేది ఉండేట్టే చదవాల."

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. కథలు నేను రాసినవి కావు, అట్ట నేను దగ్గరుండి చూసుకున్నదే, అయినా నర్సు నోటి వైపే చూస్తున్నాను. నర్సు ముందు పుస్తకం పేరు చదివింది. తర్వాత దాని కింది వరుస చదివింది, ఇంటి పేరుతో సహా. చదివి ఆగిపోయింది.

"అయ్యో, ఇది మీ పేరేగా మామ్మగారూ! మీరు పుస్తకాలు రాస్తారా? ఒక్కసారైనా చెప్పలేదేంటండీ?"

అత్త నా వైపు చూడలేదు. నర్సు చేతిలోంచి పుస్తకం తీసుకుని, ఆ వరుస మీద వేలు పెట్టింది.

"ఇదేనా? బాగా సూసి చెప్పు."

"ఇదేనండీ."

"చెప్పకేం," అంది అత్త. "పాతికేండ్లుగా ఈ వీధంతా చెప్తానే ఉండా. ఈ పొద్దు నిజమైంది."